దీవెనమ్మ వంశపు కట్టుబాటు

కృపాబాయికి ఒమన్‌లో ఉద్యోగం చూపించింది పెద్దమ్మ దెబోరా. కాబట్టి ఆమె పెళ్లిని ఆపే హక్కు కూడా దెబోరాకే సంక్రమించింది. ఇద్దరూ బందరువాళ్లే. అక్కడి మత్రా ఊళ్లో ఇద్దరిదీ ఒకే ఆసుపత్రి: పెద్దమ్మ హెడ్ సిస్టరు, అమ్మాయి కాన్పుల వార్డులో నర్సు.

పెళ్లికొడుకు అమోసు కాంపౌండరు. సంఘంలో పాటలు పాడతాడు, టీ తప్ప వ్యసనం ఎరగడు. ఇన్ని సుగుణాల మీద ఒక మచ్చ పడింది. అది పందొమ్మిది వందల డెబ్బై నాలుగో సంవత్సరం. దక్షిణాన సలాలా వైపు యుద్ధం నడుస్తోంది. అతన్ని అక్కడి మిలిటరీ క్యాంపు ఆసుపత్రికి వేశారు. వెళ్లేలోగా శుక్రవారం కూడికలో పెళ్లి ప్రకటన జరగాలి. పెద్దమ్మ తలూపనిదే పాస్టరుగారు నోరు విప్పరు.

పెద్దమ్మ తలూపలేదు. అమోసుని వరండాలోనే నిలబెట్టి, పమిట సర్దుకుని వంశచరిత్ర ఎత్తుకుంది.

"మా తాత తల్లి దీవెనమ్మ. మొగుడు సిపాయి. తెల్లోళ్లు రంగూను యుద్ధానికి ఓడెక్కించారు. పద్దెనిమిది వందల యాభై రెండులో పోయాడని కబురొచ్చింది. పట్టుమని పాతికేళ్లు లేవు, విధవరాలైంది. అప్పట్నించీ మనింటి ఆడపిల్లని మిలిటరీ జీతగాడికి ఇవ్వలేదు. ఇవ్వం."

ఆ కథ ఆ ఇంట్లో పెళ్లిమాటలప్పుడే చెబుతారు. బడిపంతుళ్ల సంబంధాలకు కూడా చెప్పారు, ముందుజాగ్రత్తగా. బాప్తిస్మాలకు వేరే కథ ఉంది: బందరు ఉప్పెనలో దీవెనమ్మకు కొడుకు పుట్టడం, అన్ని నీళ్లలో బతికినందుకు మిషన్ దొరగారు వాడికి నోవహు అని పేరు పెట్టడం. రెండు కథలూ ఒకే పూట చెప్పే ఆచారం లేదు. అందుచేత మూడు తరాలవాళ్లు రెండింటికీ కళ్లొత్తుకున్నారే గాని, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

కాన్పుల వార్డులో పనిచేసేవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. ఎవరికి బిడ్డ పుట్టాడన్నా వెనక్కి నెలలు లెక్కేసుకుంటారు.

"ఉప్పెన ఎప్పుడొచ్చింది పెద్దమ్మా?"

"పద్దెనిమిది వందల అరవై నాలుగులో. బందరు పిల్లవి, అదీ తెలీదా?"

"నోవహు తాత అప్పుడేగా పుట్టింది?"

"నీళ్లు ఇంట్లోకొస్తుంటే పుట్టాడు."

"యాభై రెండులో పోయిన మొగుడికా? పన్నెండేళ్లు మోసిందా మహాతల్లి?"

"పాడు నోరు," అని దెబోరా గొంతు తగ్గించింది. "మారుమనువు చేసుకుందే. దొరగారే చేయించారు. చెప్పుకోడానికి మనోళ్లకి నామోషీ."

"ఎవర్ని చేసుకుంది?"

దెబోరా గోడవైపు చూసింది. "ఇంకో సిపాయిని."

కృపాబాయి నవ్వలేదు. ఇప్పుడు నవ్వితే పెళ్లి తప్పిపోతుందని ఆమెకు బాగా తెలుసు.

"ఆయనా యుద్ధంలోనే పోయాడా?"

"ఎక్కడ! ఎనభై దాటేదాకా బతికాడు. కోడళ్లని కాల్చుకు తిని మరీ పోయాడు."

"అమోసుకి అసలు తుపాకీ కూడా ఇవ్వరు పెద్దమ్మా. దూదీ అయొడినూ ఇస్తారంతే."

పెద్దమ్మ లేచి టీ పెట్టింది. మూడు గ్లాసుల్లో పోసింది. "ఆ వరండాలో నించున్నవాణ్ణి లోపలికి రమ్మను. ఎండకి మాడిపోతున్నాడు."

శుక్రవారం ప్రకటన అయింది. కూడిక ముగియగానే ఏలూరావిడ ఒకామె ఆప్యాయంగా దగ్గరికి జరిగింది. "అబ్బాయిది మిలిటరీ క్యాంపంటగా దెబోరమ్మగారూ? మీ ఇంట్లో ఇవ్వరనేవారే?"

దెబోరా పాటల పుస్తకం గంభీరంగా మూసింది.

"ఇవ్వకపోవడమేంటండీ? మా దీవెనమ్మగారినైతే రెండుసార్లు ఇచ్చాం!"