అత్త దొరువు

మా మేనత్త పోయింది. మొన్న ఆదివారం పొద్దున కావలిలో నేను టిఫిను ముందు కూర్చునుండగా ఆమె కొడుకు, మా బావ, ఫోన్ చేశాడు. "అమ్మ పోయిందిరా" అన్నాడు. ఆ వెంటనే, "వచ్చేటప్పుడు నీళ్ళ క్యాన్లు ఏసుకోని రా. ఈడ దొరకవు" అన్నాడు. చావు కబురుతో పాటు నీళ్ళ మాటా చెప్పాల్సి వచ్చినందుకు ఆయన గొంతు సిగ్గుపడింది. ఆమె ఊరికి నేను నీళ్ళు మోసుకుపోవడమేమిటని, నాకు చాలాసేపు ఏడుపు కూడా రాలేదు.

అత్తది వాకాడు అవతల సముద్రం దాపున ఉన్న చిన్న ఊరు. పెరడు దాటితే అంతా ఇసుక నేల. అందులో ఆమెకో దొరువు ఉండేది. అంటే బావి కాదు. మనిషి లోతున ఇసుక తోడిన గొయ్యి, లోపలికి దిగడానికి ఏటవాలుగా దారి. ఆ తీరంలో అడుగున ఉన్నవి ఉప్పునీళ్ళే. వానకు ఇసుకలో ఇంకిన తీపినీళ్ళు వాటిమీద తేలి ఉంటాయి.

"తీపినీళ్ళు ఉప్పునీళ్ళ మీద పండుకోనుండాయిరా అల్లుడా. నిద్ర చెడకుండా ముంచుకోవాల" అనేది అత్త. కుండ అడుగుకు తగలనిచ్చేది కాదు. రెండు చేతులా రెండు కుండలతో దిగి, ఎక్కి, మిరప నారుకూ సరివి మొక్కలకూ పోసేది. మామ చిన్న వయసులోనే పోతే ఆ నారు అమ్మిన డబ్బుతోనే బావను పెంచింది. వేసవి సెలవుల్లో నన్నూ సాకింది.

వేటకు పోయేవాళ్ళు పడవెక్కే ముందు ఆమె దొరువులోనే డబ్బాలు నింపుకునేవారు. తిరిగొచ్చి చేపలు ఇవ్వబోతే, "నీళ్ళకు బదులైతే వద్దు. ఊరికే ఇస్తే తీసుకుంటా" అని గంప ముందుకు జరిపేది. వాళ్ళు నవ్వి, ఊరికే ఇస్తున్నామనేవారు.

తర్వాత ఊరి పక్క వాగు అవతల బొగ్గు యార్డు పెట్టారు. పెద్దదేం కాదు. ఓడల్లో దిగిన బొగ్గును లారీల్లో తెచ్చి కుప్పలు పోసి, జల్లించి, ఇటుక బట్టీలకు పంపేవారు. బావకు అక్కడ బోరు మోటరు దగ్గర పని దొరికింది. దుమ్ము లేవకుండా కుప్పల మీద పగలంతా నీళ్ళు చల్లించడం ఆ పని. కొడుకు చెన్నై పోకుండా కళ్ళ ముందే ఉంటాడని అత్త సంబరపడి, ఆ రోజు మాకందరికీ పాయసం పెట్టింది.

వానాకాలంలో కుప్పల మీద నుంచి కారిన నీళ్ళు వాగులో కలిశాయి. వాగు నల్లబడింది. గట్ల వెంట తుప్పు రంగు మడ్డి పేరుకుంది. మరుసటేడు దొరువు అంచునా అదే రంగు కనిపించింది. వండిన అన్నం పసుపుపచ్చగా దిగేది. మిరప నారు కొసలు మాడిపోయాయి. బోరు తోడేకొద్దీ దొరువులో మట్టం దిగిపోయింది. ఒక పొద్దున దొరువు నీళ్ళు కలిపి కాఫీకి పెట్టిన పాలు విరిగాయి. అత్త గిన్నె కడిగి మళ్ళీ కాచింది. అవీ విరిగాయి. దొరువులో దిగి, దోసిలి పట్టి తాగి, పైకొచ్చి కూర్చుంది. నేనక్కడే ఉన్నాను. ఉప్పా అని అడగబుద్ధి కాలేదు.

అధికారులు వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయారు. మళ్ళీ రాలేదు.

ఒకరోజు అన్నం తింటున్న కొడుకుతో అత్త అంది: "మోటరు ఆపరా. నా నీళ్ళు ఎత్తి బొగ్గుకు పోస్తుండావు."

"ఆపితే పని పోతాదిమా."

"పోతే పోనీ. కొన్నాళ్ళు ఆపి చూడు. మళ్ళీ ఊరతాయేమో."

బావ మోటరు కాలిపోయిందని మేనేజరుకు చెప్పి ఆపేశాడు. మంచి ఎండాకాలం. సముద్రపు గాలి కుప్పల మీదుగా ఊళ్ళోకి తోలింది. ఆరేసిన బట్టల మీద, కంచాల్లో, ఉయ్యాళ్ళలో అంతా నల్ల దుమ్మే. పక్కింటామె దగ్గుతో ఎగపోస్తున్న పసిబిడ్డను ఎత్తుకొచ్చి అత్త ముందు నిలబడింది. ఆమె తిట్టి ఉంటే అత్త ఎదురు మాట్లాడేదేమో. "అక్కా, బిడ్డకు ఊపిరి ఆడటంలా. నీళ్ళు కొట్టమని చెప్పక్కా" అంది, అంతే.

అత్త కొంగుతో ఆ బిడ్డ ముఖం తుడిచింది. చెప్పులు కూడా వేసుకోకుండా యార్డుకు నడిచింది.

"ఎయ్‌రా మోటరు" అంది.

ఆ తర్వాత ఆమె దొరువులోకి దిగలేదు. ఇసుక జారి జారి అదే పూడిపోయింది. కావలి వచ్చేయమని పిలిస్తే, "ఆడ నాకేం పనుండాది? కుళాయి తిప్పేదా?" అనేది. పోయినేడు యార్డు బోరులోనూ ఉప్పు పడింది. ఇప్పుడు బొగ్గు మీద చల్లడానికీ ట్యాంకరు నీళ్ళే. ఆ సంగతి చెబితే అత్తకు కాస్త కసి తీరుతుందనుకున్నాను. "అయితే ఇంకేం మిగల్లేదు" అని అటు తిరిగి పడుకుంది.

గ్లాసులో గుక్కెడు నీళ్ళు మిగిలినా పారబోయడం నాకు చేతకాదు. అది ఆమె పెట్టిన అలవాటే. ఇలాంటి రాతల చివర ఏదో ఒక ఊరట మాట ఉండాలంటారు. వెతికాను. నా దగ్గర లేదు.

నేను తీసుకెళ్ళిన క్యాన్ల నీళ్ళతోనే అత్తకు కడసారి స్నానం చేయించారు. ఆ పక్కింటామే చెంబుతో మెల్లగా పోసింది, చుక్క వృథా పోనీకుండా. ఆమె బిడ్డ ఇప్పుడు బడికి పోతోంది.

దహనం చేసి తిరిగొచ్చాం. స్నానం చేయందే ఇంట్లో అడుగు పెట్టకూడదు. వాగులో మునిగే వీల్లేదు. సముద్రానికి పోయే దారికి యార్డు గోడ అడ్డం. ట్యాంకరు బయల్దేరిందన్నారు. ఎండలో రోడ్డు పక్కన వరసగా కూర్చున్నాం. దూరాన దుమ్ము లేచినప్పుడల్లా కొందరు తువ్వాళ్ళు తీసుకుని లేచేవారు. బొగ్గు లారీ మా ముందు నుంచి వెళ్ళిపోయేది. వాళ్ళు మళ్ళీ కూర్చునేవారు. కాసేపటికి అందరూ లేవడం మానేశారు. బావ మాత్రం ప్రతి లారీకీ లేచి నిలబడుతూనే ఉన్నాడు.