సముద్రం యాడ మొదలైతాది?

ఆదోని కోర్టులో నేను జూనియర్‌గా చేరింది ఒక లాయరు మేడమ్ దగ్గర. చట్టంలో ఏదైనా మాట ఆమె మనసుకు పట్టిందంటే ఇక కుర్చీలో కూర్చోలేకపోయేది. లేచి నిలబడి, "ఈ మాట యాడ మొదలైతాది? యాడ అయిపోతాది?" అని గదంతా వినపడేటట్టు అడిగేది.

ఒకరోజు హాలహర్వి నుంచి కూలి చేసుకునే ఒక తల్లి ఏడుస్తా వచ్చింది. ఆమె కొడుకు కర్ణాటక తీరంలో చేపల పడవ మీద పనికి పోయినాడు. వేట నిషేధమున్న రోజుల్లో ప్రాదేశిక జలాల్లో, అంటే తీరానికి దగ్గరి సముద్రంలో, వల వేసినాడని అక్కడి పోలీసులు పట్టుకుపోయినారు.

"వల యాడ వేసినాడమ్మా?" అనింది మేడమ్.

"ఏరు సముద్రంలో కలుస్తాది సూడు, దానికి ఇవతల ఏటిలోనే అంట. యాడైనా నీళ్లు నీళ్లే గదమ్మా?"

మేడమ్ దిగ్గున లేచింది. "కాదు! చట్టంలో కాదు!" గ్లాసు నీళ్లలో వేలు ముంచి బల్ల మీద ఒడ్డు గీసింది, ఏరు గీసింది, ఏరు కలిసే చోట అడ్డంగా ఒక గీత గీసింది. "ప్రాదేశిక జలాలు ఈ గీత దాటినంకనే మొదలైతాయి. నీ కొడుకు గీతకు ఈ పక్కనుండాడు!"

నా ఒళ్లు పులకరించింది. మేడమ్ అక్కడి లాయరుకు ఫోన్‌లోనే వాదనంతా చెప్పింది. కేసు చెల్లదని అక్కడి జడ్జి కొట్టేసినట్టు ఫోన్ వచ్చినప్పుడు ఆమె కేకకు వరండాలోని ప్లీడర్లంతా పరుగెత్తుకొచ్చినారు.

తల్లితో కలిసి ఆ పిల్లోడు మొక్కడానికి వచ్చినాడు. "మేడమ్, ఇన్నేళ్లలో ఆ గీత మాకెవరికీ కనపడలా. ఒకసారి వచ్చి సూపియ్యండి."

మేడమ్ పకపకా నవ్వింది.

"నేనింతవరకు సముద్రమే సూడలేదు నాయనా. ఎప్పుడు పోదామో సెప్పు!"