ఆ ఒక్క పేజీలో పటం నిలవలేదు

దయ్యాల మాట ఎత్తితే మా నాన్నకు కోపం వచ్చేది. జమ్మలమడుగులో ఆయన బడిపంతులు, ఆదివారం చర్చిలో వాక్యం చదివేవారు. ఆ ఇంట్లో పెరిగిన నేను చీకటికి భయపడి ఎరగను, తాయెత్తు కట్టుకుని ఎరగను. ఇది రాయడానికి ఇన్నేళ్లు వెనకాడింది కూడా అందుకే.

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో ఒక చిన్న ఆఫీసులో వెబ్‌సైట్లు తయారుచేసేదాన్ని. ఓనరు సలీమన్న, నేను, రెండు కంప్యూటర్లు. అంతే. బంగారు అంగళ్లకు, కల్యాణమంటపాలకు సైట్లు చేసేవాళ్లం. ఎన్నికల ముందు పులివెందుల పక్క పల్లె నుంచి ఒక నాయకుడు వచ్చాడు. ఊళ్లో ఆయన్ని చిన్నాయన అంటారు. పార్టీ టికెట్ అడుగుతున్నాడు. పెద్దలకు చూపించుకోవడానికి ఒక సైటు కావాలన్నాడు.

ఆయనకు ముందు ఊరిని నడిపింది ఆయన అన్న, పెద్దాయన. ఫ్యాక్షన్ గొడవల్లో, జీపులో వస్తుండగా దారి కాచి చంపారు.

"ఏ పేజీ తెరిచినా మా యన్న పటం కనపడాల," అన్నాడు చిన్నాయన.

అది సులువైన పని. అన్ని పేజీల్లో రావలసిన భాగాన్ని ఒక్కసారే విడి ఫైలుగా రాసుకుంటాం. తర్వాత ప్రతి పేజీలో, అది కనబడవలసిన చోట, ఫలానా ముక్కను ఇక్కడ పెట్టు అని ఒక్క వరుస రాస్తే చాలు. పెద్దాయన పటం, కింద ఆయన పేరు, చుట్టూ గీత. ఆ ముక్క తయారుచేసి అన్ని పేజీల్లో పెట్టాను. అన్నిట్లో వచ్చింది. గంగన్న పేజీలో రాలేదు.

గంగన్న అన్నది అసలు పేరు కాదు, నేను మార్చి రాస్తున్నాను. పెద్దాయనకు కుడిభుజంలా తిరిగిన మనిషి. ముఖ్యమైన అనుచరులకు ఒక్కొక్కరికి ఒక పేజీ పెట్టమన్నారు, అందులో ఆయనదొకటి.

వరుస తప్పు రాశానేమోనని పక్క పేజీలోది తెచ్చి అతికించాను. రాలేదు. ఆ పేజీనే మళ్లీ మొదటి నుంచి చేశాను. రాలేదు. ముక్కను పిలవడం మాని, అందులో ఉన్నదంతా నేరుగా ఆ పేజీలోనే రాశాను. అయినా రాలేదు. విసుగొచ్చి గంగన్న పేరూ ఫొటో తీసేశాను. పెద్దాయన పటం వచ్చింది. ఆ చోట మా నాన్న పేరు, ఫొటో పెట్టి చూశాను. పటం కదల్లేదు. మళ్లీ గంగన్న పేరు రాశాను, ఫొటో లేకుండా ఉత్త పేరే. పటం పోయింది.

సలీమన్న తన కంప్యూటర్‌లో చేసి చూశాడు. అదే తంతు. "ఏందిది, పేరుకు గూడా వైరస్ పడ్తాదా?" అని నవ్వాడు. తర్వాత నవ్వలేదు.

సైటు ఎట్లా వచ్చిందో చూడటానికి ఒక మధ్యాహ్నం పెద్దాయన భార్య వచ్చింది. డ్రైవరు బయటే ఉన్నాడు. ఏ పేజీ తెరిచినా ఆమె కళ్లు ముందు భర్త పటం మీదికే పోతున్నాయి. గంగన్న పేజీ దగ్గర ఆగింది.

"ఈడ ల్యాకపాయనే?"

"ఎంత చేసినా రావడం లేదమ్మా. ఈ ఒక్క పేజీలోనే." ఆమె ముందే గంగన్న పేరు తీసి చూపించాను, మళ్లీ పెట్టి చూపించాను. పటం రావడం, పోవడం చూసింది.

"ఆ పొద్దు ఈయప్ప గూడా జీపు ఎక్కాల్సింది. కడుపునొప్పని ఊళ్లోనే నిలబడిపాయ. మేమెవరం ఏమీ అనుకోలేదు."

నేను ఆ పేజీ మూసేశాను.

"మా మరిదికి చూపించినారా?"

"లేదమ్మా."

"చూపించొద్దు. చూపిస్తే రేపు ఆ ఇంట్లో గూడా ఒక పటం తగిలిస్తారు. ఇద్దరు ఆడబిడ్డలు ఆయప్పకు. కడుపునొప్పి నిజమేనేమో, ఎవురికి తెలుసు?"

గంగన్న పేజీ ఎత్తేద్దామా అన్నాడు సలీమన్న. ఎత్తేస్తే ఎందుకని అడుగుతారు కదా అంది ఆమె. కాసేపు ఆలోచించి, మా ఆఫీసు ఫోన్ నుంచే మరిదికి ఫోన్ చేసింది.

"మీ యన్నను ఓట్ల కోసం పేజీపేజీకీ తిప్పొద్దప్పా. మొదటి పేజీలో ఉంటే చాలు. నాకు శానా బాధగా ఉండాది."

అవతల ఆయన ఏదో గట్టిగానే అన్నాడు. ఈమె మెత్తగా అదే మాట మళ్లీ చెప్పింది. చివరికి వదిన మాట తీసెయ్యలేకపోయాడు. ఆమె కూర్చుని ఉండగానే మొదటి పేజీ తప్ప మిగతా అన్నిట్లో ఆ వరుస చెరిపేశాను.

సైటు బయటికి వచ్చాక గంగన్న ఆఫీసుకు వచ్చాడు. ఒక్కడే. తన పేజీ చూపించమన్నాడు. తెరిచాను. ఆయన తన ఫొటో చూసుకోలేదు. పెద్దాయన పటం ఉండవలసిన మూల వైపు చూశాడు.

"అన్న పటం అన్ని పేజీల్లో ఉంటాదంటిరే?"

"తీసేశామన్నా. అమ్మ వద్దన్నారు."

"నా దాంట్లో ఒక్కదాంట్లోనేనా?"

"అన్నిట్లో."

తక్కినవి చూపించమన్నాడు. ఒక్కొక్కటే తెరిచాను. అన్నీ చూసి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"తీసేయకముందు, నా పేజీలో అన్న ఉన్న్యాడా?"

"అన్ని పేజీలూ ఒక్కటేనన్నా," అన్నాను. నా మొహంలోకి చూసి, ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయాడు.

ఎన్నికలయ్యాక పొలం కౌలుకిచ్చి, పెళ్లాం బిడ్డలతో బళ్లారి పక్కకు పోయాడని విన్నాను. ఆయన్నెవరూ ఏమీ చేయలేదు. ఆయన తప్పు చేశాడని నేను చెప్పడం లేదు. నాకు తెలియదు.

పని తెలిసినవాళ్లను చాలామందిని అడిగాను. అక్షరాల ఫాంటు తేడా అయ్యుంటుందన్నారు. అయ్యుండవచ్చు. కానీ ఆ పేరు ఇంకో పేజీలో కూడా ఉంది, అనుచరులందరి పేర్లతో పాటు. అక్కడ పటం ఏ ఇబ్బందీ లేకుండా వచ్చింది. గంగన్న ఒక్కడే ఉన్న పేజీలోనే రాలేదు. ఎందుకు రాలేదో, ఆయన నన్ను ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో, రెండూ ఈ రోజుకీ నాకు అంతుపట్టలేదు.