మలుపులో మోకు
నరసరావుపేట కాలేజీలో చేరి నెలలు గడిచినా, ఎవరడిగినా ఈ దుమ్ము ఊరు నాది కాదనే చెప్పేవాణ్ణి. శివరాత్రికి కోటప్పకొండ దారిలో ఒక పల్లెవాళ్లు వెదురుతో కట్టిన ప్రభను బండి మీద తీసుకెళ్తుంటే చూద్దామని నిలబడ్డాను. మలుపులో బండి చక్రం గుంతలో దిగింది. తాటిచెట్టును మించిన ఆ ప్రభ అవతలి జనం మీదికి ఒరిగింది.

"చూస్తావేందిరా, మోకు పట్టు," అని పక్కనున్న పెద్దాయన అరిచాడు.

ప్రభకు కట్టిన ఆ లావు తాడు పట్టి వెనక్కి వాలాను. అరచేతులు మండిపోతున్నాయి. మెల్లగా ప్రభ నిటారుగా నిలిచింది. అప్పుడు చూశాడాయన నా మొహం.

"ఎవరబ్బాయివిరా నువ్వు?"

ఏ ఊరి ప్రభ మోకు ఆ ఊరివాళ్లే పట్టాలి. "మీ ఊరు కాదండీ, కాలేజీ హాస్టల్," అంటూ వదలబోయాను.

"వదలమాక. ముందు ఇంకో మలుపుంది."