నయమైతదని అనకు

నా చిన్నప్పుడు జహీరాబాద్‌లో మా ఇంట్లో నాకు తల దువ్వేదీ, అన్నం కలిపి పెట్టేదీ మా మేనత్తే. పెళ్లైన రెండేళ్లకే భర్త పోతే మా నాన్న దగ్గరికి వచ్చేసింది. మొగుడంపల్లి వైపు మా చేలో అల్లం తవ్వే రోజుల్లో ఆమె నెత్తిన మోసినంత బరువు మగవాళ్లు కూడా మోసేవారు కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆమె చేతుల్లోంచి గ్లాసులు జారిపోవడం మొదలైంది. వేళ్లకు తిమ్మిరి. తల వంచితే మెడ నుంచి నడుము దాకా జివ్వుమంటోందనేది. ఒకరోజు బడికి పంపుతూ నా గౌను గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టింది. బడిలో పిల్లలు నవ్వారు. ఇంటికొచ్చి, "నీకు గుండీలు పెట్టుడు గూడ రాదా?" అని అరిచాను. ఆమె తన వేళ్ల వంక చూసుకుంది.

మెడ పట్టేసిందని ఎవరో అంటే, నూనె రాసి మెడ విరిచే ఒకాయన దగ్గరికి తీసుకుపోయారు. ఆ తర్వాత కాళ్లు కూడా తడబడ్డాయి. చివరికి నాన్న ఆమెను బస్సులో హైదరాబాద్ తీసుకెళ్లాడు. నేను రాకపోతే బస్సెక్కనని అత్త మొండికేస్తే నన్నూ వెంటబెట్టుకున్నారు.

దవాఖానలో వెన్నులోకి మందు ఎక్కించి ఫొటోలు తీశారు. డాక్టరు అవి చూసి నాన్నను పక్కకు పిలిచాడు. అత్త ఊరుకోలేదు.

"మెడ నాది సారూ. జర నాకే చెప్పున్రి."

ఆయన వెనక్కి వచ్చి ఆమెకే చెప్పాడు. మెడ ఎముకల లోపలి దారి ఇరుకైపోయిందట. అందులోంచి దిగే వెన్నుపాము నలిగిపోతోందట. ఆపరేషన్ చేసినా పోయిన బలం తిరిగొస్తుందని చెప్పలేనని, ఉన్నది కూడా పోవచ్చని అన్నాడు. అత్త "వద్దు, ఇంటికి పోదాం" అంది.

ఏడాది తిరిగేసరికి మంచం పట్టింది. చూడవచ్చిన ప్రతివాళ్లూ "ఫికర్ చెయ్యకు, నయమైతది" అని గబగబా వెళ్లిపోయేవారు. నేనూ బడి నుంచి రాగానే అదే మాట అని ఆటకు పరుగెత్తేదాన్ని. ఒక సాయంత్రం ఆమె నన్ను ఆపింది.

"బిడ్డా, నయం కాదని నాకెరుకే. డాక్టర్ చెప్పంగ నువ్వు గూడ విన్నవ్. అందరు గా మాట అని లేచి పోతున్రు. నువ్వన్న అనకు."

"మరి ఏమనాలె అత్తా?"

"ఏమనకు. గీడ కూసో. జర ఈగలు కొట్టు. బళ్లె ఏమైందో చెప్పు."

కూర్చున్నాను. ఆ తర్వాత రోజూ కూర్చున్నాను. పంతులు ఎవరిని కొట్టాడో, ఎవరి పలక పగిలిందో చెబితే నవ్వేది. ఒక్కోసారి ఏడ్చేది. చేతులు లేవవు కనుక కళ్లు నేనే తుడిచేదాన్ని. అంతకుమించి ఆమెకు ఎవరమూ ఏమీ చేయలేకపోయాం.

ఇంకో రెండేళ్లకు, ఒక పొద్దున ఊపిరి అందక ఆమె ఎగశ్వాస పడుతుంటే, భయంతో నా నోటి నుంచి ఆ మాటే వచ్చింది. "నయమైతది అత్తా" అన్నాను. నా వైపు ఒకసారి చూసి కళ్లు మూసుకుంది. మధ్యాహ్నానికి పోయింది.

అది ఆమె కోసం కాదు, నా భయం కోసం అన్నానని పెద్దయ్యాక గానీ తెలియలేదు. ఇన్నేళ్లలో మంచాన పడ్డవాళ్లను ఎందరినో చూడటానికి వెళ్లాను. వాళ్ల పక్కన కూర్చుంటాను. చెప్పింది వింటాను. ఆ మాట మాత్రం అనను. అయినా ప్రతిసారీ అది నా నాలుక చివరిదాకా వస్తూనే ఉంటుంది.