మసి కుండలకు కొత్త కుండలు

1968 జూలై 18, గురువారం, మధ్యాహ్నం. స్థలం: మ్యూజియం వెనక గది. హాజరైనవారు: పరిశోధన గ్రాంట్ల విభాగం అధిపతిగా నేను, భాండారం చూసే క్యూరేటర్ గారు, గ్రాంటుకు దరఖాస్తు పెట్టుకున్న పరిశోధక విద్యార్థిని.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ముందు ఎవరెవరున్నారో రాసుకుంటే, ఎవరేమన్నారో దానంతటదే గుర్తొస్తుంది. ఈ అలవాటు ఉద్యోగంలో నాకు చాలాసార్లు అక్కరకొచ్చింది.

మా మ్యూజియం యూనివర్సిటీ ఆవరణలోనే ఉండేది. తవ్వకాల్లో దొరికిన కుండ పెంకులు, పూసలు, ఇనుప పనిముట్లు మా ఆస్తి. వాటి మీద పరిశోధన చేసేవాళ్ళకు గ్రాంటు ఇప్పించడం, ఇచ్చిన గ్రాంటు పనిగా మారేట్టు చూడడం నా బాధ్యత. ఆ కుర్చీలోకి వచ్చాక నేనొక పద్ధతి పెట్టాను. ఢిల్లీ నుంచి వచ్చే గ్రాంట్ల సంఘం సభ్యులు దరఖాస్తు చదివే ముందు, అది ఏ వస్తువు గురించో ఆ వస్తువును చేత్తో పట్టుకుని చూడాలి. మంచి ఇంగ్లీషు రాయగలవాళ్ళకే గ్రాంట్లు వెళ్ళడం చూసి విసుగెత్తి పెట్టిన పద్ధతి అది. మొదటి ఏడు నవ్వారు. రెండో ఏడు నుంచి గదిలోకి వస్తూనే, "ఈసారి ఏం పట్టుకోమంటారు?" అని వాళ్ళే అడిగేవారు.

ఆ అమ్మాయిది భువనగిరి దగ్గర వ్యవసాయ కుటుంబం. పాతకాలపు కుండల అడుగున పట్టిన మసిని బట్టి అప్పటివాళ్ళు ఎలాంటి పొయ్యి మీద వండుకున్నారో చెప్పవచ్చన్నది ఆమె వాదన. గ్రాంటొస్తే పరిశోధన, రాకపోతే సోమవారం నుంచి వాళ్ళ ఊరి దగ్గర బడిలో టీచరు ఉద్యోగం. వాళ్ళ నాన్నతో ఒప్పందం అంతే. సంఘం కూర్చునేది శుక్రవారం ఉదయం.

ఆమె పెంకుల్ని కడగనివ్వకుండా గంపల్లో విడిగా ఉంచుకుంది. క్యూరేటర్ గారిది గుంటూరు వైపు, కాపురం తార్నాకలో. ఎక్కడైనా దుమ్ము కనిపిస్తే తనను తిట్టినట్టు బాధపడే మనిషి. ఢిల్లీవాళ్ళు వస్తున్నారని ఆ వారమంతా భాండారం సర్దించారు. గురువారం మధ్యాహ్నం మమ్మల్నిద్దరినీ పిలిచి సంతోషంగా తలుపు తీశారు. తెల్లటి గుడ్డ మీద పెంకులన్నీ ఎర్రగా మెరుస్తున్నాయి.

"చూడండి మేడం, ఎంత శుభ్రంగా వచ్చాయో! నల్లగా ఉంటే పెద్దవాళ్ళ చేతికి ఎలా ఇస్తామండీ? కుంకుడు రసంలో నానబెట్టి, కొబ్బరి పీచుతో తోమించాను."

ఆ అమ్మాయి ఒక పెంకు తీసి తిరగేసింది. ఇంకొకటి తీసింది.

"సార్, మసి ఏది?"

"పోయిందమ్మా. మొండి మసి! రెండుసార్లు రుద్దాల్సి వచ్చింది."

"నా థీసిసే ఆ మసి మీద సార్."

ఆయన మొహం చూడలేకపోయాను. చుట్టాలొస్తారంటే గిన్నెలన్నీ తోమి బోర్లించే ఇళ్ళలో పెరిగినవాళ్ళం మేమందరం. అలా పెరిగినవాళ్ళకే చేతనయ్యే పొరపాటు అది. ఆయనే మెల్లగా అన్నారు: "ఈ దరఖాస్తు ఈ ఏడాదికి పక్కన పెడితే? వచ్చే ఏడాది..."

"వచ్చే ఏడాది నేను బడిల పిల్లలకు ఎక్కాలు చెప్తుంట సార్," అందామె.

దరఖాస్తు పక్కన పెట్టేది లేదని చెప్పాను. జరిగింది దాచేదీ లేదు. పాత మసి పోయిందంతే, మసిని చదివే విద్య ఆమె దగ్గరే ఉంది. సంఘం ముందు ఆ విద్యే పెడదాం. దానికి ఇప్పుడు ఎవరో వాడుతున్న కుండలు కావాలి.

"తార్నాకలో మా ఇంటి వెనక పాలమూరు కూలీల గుడిసెలున్నాయండీ. వాళ్ళు కుండల్లోనే వండుకుంటారు," అన్నారు క్యూరేటర్ గారు.

అమ్మాయి వెంటనే లేచింది. "పదండి మేడం."

"నువ్వు రావద్దు. నువ్వు చూడని కుండల్ని రేపు అందరి ముందు నువ్వు చదవాలి."

ఆమె నన్ను కోపంగా చూసి, మళ్ళీ కూర్చుంది. "సరే మేడం. రానీండ్రి చూస్త."

సాయంత్రం తార్నాకలో రోడ్డు పక్క కుమ్మరి దగ్గర క్యూరేటర్ గారు కొత్త కుండలు కొన్నారు. డబ్బు నన్ను ఇవ్వనివ్వలేదు. గుడిసెల దగ్గర ఒక నడివయసు ఆవిడ మా బేరం విని పకపకా నవ్వింది.

"కొత్త కుండ ఇచ్చి మసి కుండ తీస్కపోతరా? సారూ, ఇంట్ల అమ్మగారికి ఎరుకేనా ఈ సంగతి?"

"ఆవిడకు చెప్పకమ్మా తల్లీ," అన్నారాయన. చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ నవ్వారు. నాలుగు కుండలిచ్చి నాలుగు తెచ్చుకున్నాం. ఏ కుండ ఏ పొయ్యి మీద ఉందో ఆయన ఒక్కొక్కటీ చూసి రాసుకున్నారు.

శుక్రవారం ఉదయం సంఘం కూర్చోగానే, పెంకులు కడిగేశామనీ, ఆ తప్పు మ్యూజియందేననీ ముందే చెప్పాను. అధ్యక్షులు హైదరాబాదులో చదువుకున్న వృద్ధ ప్రొఫెసరు, తెలుగు బాగా వచ్చినవారు. కళ్ళజోడు సవరించుకుని, "అయితే మేం ఏం చూడాలి?" అన్నారు.

అమ్మాయి మొదటి కుండ ఆయన చేతిలో పెట్టింది. అడుగున మూడు చోట్ల మసి లేదు. "ఇది మూడు రాళ్ళ పొయ్యి. రాయి ఆనిన చోట మసి పట్టదు." క్యూరేటర్ గారు కాగితం చూసి తలూపారు. రెండోదానికి చుట్టూ వలయంలా మసి లేని పట్టీ ఉంది. మట్టి పొయ్యి గట్టు మీద కూర్చున్న కుండ అంది. నిజమే. మూడోదీ సరిగ్గా చెప్పింది.

నాలుగోదాన్ని వెలుతురులోకి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. "దీన్ని మొదలు రాళ్ళ మీద పెట్టిన్రు. తర్వాత మట్టి పొయ్యి మీద."

క్యూరేటర్ గారు ఇబ్బందిగా కదిలారు. "లేదండీ. మట్టి పొయ్యే. నా కళ్ళతో చూశాను."

"రాళ్ళ జాడ ఉన్నది సార్, మీదున్న మసి కింద. పల్చగ కనిపిస్తున్నది చూడుండ్రి."

అధ్యక్షులు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. మిగతా సభ్యులలో ఒకరు, మూడు సరిపోయాయి కదా, చాలదా అన్నారు. నేను చాలదన్నాను. ఆమె పొరపాటు పడి ఉంటే అదీ తేలాలి. తార్నాక పక్కనే కదా, వెళ్ళి అడుగుదాం అన్నాను. అధ్యక్షులు వెంటనే లేచారు. కుండతో సహా నలుగురం కారెక్కాం.

నిన్నటి ఆవిడ మమ్మల్ని చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "నిన్న కుండ తీస్కపోయిన్రు, ఇయ్యాల పొయ్యి గూడ కావాల్నా?"

"పొయ్యి వద్దమ్మా," అన్నాను. "ఈ కుండతో ముందునుంచీ ఈ పొయ్యి మీదే వండుతున్నావా?"

"ఏడిది! వానలు పడ్డంక లోపల ఈ పొయ్యి ఏసుకున్న. ఎండాకాలమంత బయట రాళ్ళ మీదనే."

క్యూరేటర్ గారు జేబులోంచి కాగితం తీసి, నాలుగో వరస దిద్దుకున్నారు. అమ్మాయి కుండను గట్టిగా పట్టుకుని నిలబడింది.

తిరిగొస్తూ కారులో అధ్యక్షులు వెనక్కి తిరిగి ఆమెను అడిగారు: "వచ్చే చలికాలం మ్యూజియం తవ్వకంలో దొరికే పెంకులు ఎవరు కడగాలి?"

"నేను చూసేదాంక ఎవ్వరూ కడగొద్దు సార్."

"మేడం, ఆ షరతుతో గ్రాంటు రాసుకోండి," అన్నారాయన నాతో.

కారు యూనివర్సిటీ గేటు దాటుతుండగా, పోస్టాఫీసు దగ్గర దింపమని ఆమె అడిగింది. మసి చేతులతోనే లోపలికి వెళ్ళి, సోమవారం తాను రావడం లేదని బడి హెడ్మాస్టరుకు టెలిగ్రాం ఇచ్చింది.