పడుగు తెగకుండా

ధర్మవరంలో వెల్డింగ్ పుల్లన్నను ఎరగని వాళ్ళు తక్కువ. పని మంచిది, నోరే దురుసు. అయినా తిట్లు పడడానికి సిద్ధపడి మరీ జనం ఆయన్నే పిలుస్తారు.

ఓబమ్మ కబురు పెట్టేనాటికి ఆమె మగ్గం ఉన్న రేకుల షెడ్డు ఒక పక్కకు ఒరిగిపోయింది. అంతకుముందు వచ్చిన మేస్త్రీ షెడ్డంతా విప్పి కొత్తది వేయాలన్నాడు. విప్పాలంటే మగ్గం తీయాలి. మగ్గం తీస్తే సగం నేసిన పెళ్ళిచీరకు సాగదీసిన నిలువుపోగుల పడుగు తెగిపోతుంది. మొగుడు పోయాక ఆమెకున్న ఆధారం ఆ మగ్గం ఒక్కటే.

"షెడ్డు నిలబడల్ల, పడుగు తెగగూడదు. చేతనైతే చెయ్యి, లేకుంటే పోప్పా" అంది ఓబమ్మ.

ఇంకెవరైనా ఆ మాటంటే పుల్లన్న ఎగిరిపడేవాడే. కానీ చిన్నప్పుడు వాళ్ళ నాయన మగ్గం ఇలాగే కూలిన కప్పు కింద నలిగిపోయింది. ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ నేయలేదు. అందుకే నేరుగా నిచ్చెన వేసుకున్నాడు.

రేకులు కారి తుప్పు పట్టిందేమోనని పొద్దెక్కేదాకా పైనే పాకాడు. చుక్క తడి లేదు.

"కారేదానికి వాన యాడుండాదన్నా ఈ సీమలో?" కిందినుంచి ఓబమ్మ నవ్వింది.

దిగి చూస్తే ఆమె చెంబుతో మగ్గం చుట్టూ నీళ్ళు చల్లుతోంది. ఇక్కడి పొడిగాలికి పట్టుపోగు పుటుక్కున తెగుతుంది. అందుకే నేసేవాళ్ళు నేలను తడిగా ఉంచుతారు. నేత ఇంట పుట్టి కూడా ఆ సంగతి తట్టనందుకు పుల్లన్న తనను తానే తిట్టుకున్నాడు.

సుత్తితో స్తంభాన్ని పైనుంచి తట్టుకుంటూ వచ్చాడు. పైనంతా ఖంగుమంది. నేలకు జానెడు ఎత్తులో మొద్దుగా పలికింది. రంగు గీకితే తుప్పు పెచ్చులుగా రాలింది, స్క్రూడ్రైవర్ లోపలికి దిగబడింది.

"ఏటా ఉగాదికి రంగేస్తాండాం గదప్పా!" అంది ఓబమ్మ.

"అదే తప్పు. నేల తడికి కాళ్ళు తుప్పు పడ్తాంటే రంగు దాచిపెట్టింది. పైన పటారం, లోన లొటారం."

మిగతా స్తంభాలూ, దూలాలూ అన్నీ తట్టి చూశాడు. మగ్గం పక్కనున్న రెండు స్తంభాలే చెడ్డాయి. "రోగం కాళ్ళకే ఉండాదక్కా. షెడ్డు విప్పే పనిలేదు" అన్నాడు.

అయితే అక్కడ వెల్డింగ్ పెట్టడానికి లేదు. ఒక్క నిప్పురవ్వ పడితే పట్టంతా బుగ్గి అయిపోతుంది. అందుకని దూలం కింద జాకీలు పెట్టి, ఒరిగిన షెడ్డును మెల్లగా సరిచేసి, చెడిన ముక్కల్ని రంపంతో చేత్తోనే కోశాడు. కొత్త కాళ్ళు తన అంగట్లో తయారుచేసి తెచ్చి, మందపాటి పట్టీలు వేసి బోల్టులు బిగించాడు. అడుగున తడి అంటకుండా కాంక్రీటు దిమ్మెలు లేపాడు.

దిమ్మెలు గట్టిపడ్డాక జాకీలు దించే రోజు వచ్చింది. "బయట నిలబడుపో అక్కా" అన్నాడు.

"పడుగు ఈడుంటే నేనెట్ల పోతానప్పా?"

పుల్లన్న దేవుణ్ణి తలుచుకుని జాకీ దించాడు. రేకులు ఒక్కసారి కిర్రుమన్నాయి, అంతే. బరువంతా కొత్త కాళ్ళ మీదికి దిగింది. షెడ్డు కదల్లేదు, పడుగులో ఒక్క పోగు తెగలేదు.

"ఇంగ నీళ్ళు చల్లొచ్చునా?" ఓబమ్మ భయంభయంగా అడిగింది.

"చల్లుకోక్కా. పట్టుకు తడి కావల్ల, ఇనుముకు వద్దు. ఇంగ ఆ రెంటికీ తగాదా లేదు."

ఆమె కళ్ళు తుడుచుకుని నేయడానికి మగ్గం గుంటలోకి దిగింది. పుల్లన్న పోకుండా అక్కడే నిలబడ్డాడు.

"పక్కకు జరుగన్నా, వెలుతురు రానీ" అంది ఓబమ్మ.

ఎప్పుడూ ఎదురు మాట్లాడే పుల్లన్న ఆ పూట చెప్పగానే పక్కకు జరిగాడు. మగ్గం ఆడింది.